కుంటేదాకా ఆగొద్దు

‘‘అమ్మాయ్, వీడు నాలాగే లేస్తున్నాడు చూడు.’’

ఏడాదిన్నర కిందట, ఒక చలికాలం ఉదయం మా అత్తయ్య అన్న మాట ఇది. ఆవిడకు రెండు మోకాళ్లూ అరిగాయి. సోఫాలోంచి లేవాలంటే కాస్త ముందుకు జరిగి, రెండు చేతులూ ఆనించి, ఒకసారి ఊగి అప్పుడు లేస్తారు. ‘వీడు’ అంటే బ్రూనో, మా ఎనిమిదేళ్ల లాబ్రడార్. ఆవిడ చెప్పాక చూశాను. ముందు కాళ్లు రెండూ చాచి నేలకు తన్నిపెట్టి, ఛాతీ పైకెత్తి, కాసేపు అలాగే ఆగాడు. తర్వాత నడుమును ఈడ్చుకుంటున్నట్టుగా వెనక భాగాన్ని లేపాడు. లేచాక నాలుగడుగులు బిగుసుకుపోయినట్టు వేశాడు. గుమ్మం దాటేసరికి మామూలైపోయాడు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టర్‌ని. రోగి తలుపు దగ్గర్నుంచి కుర్చీ దాకా వచ్చేలోపే సగం జబ్బు తెలిసిపోవాలని మా జూనియర్లకు చెబుతుంటాను. వయసు పైబడినవాళ్లను కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమంటాం. అదెంత సేపు పట్టిందో గడియారంలో చూస్తాం. అలాంటిది నా కాళ్ల దగ్గరే పడుకునే జీవి ఎలా లేస్తోందో నేను గమనించలేదు. అంతకు మూడు నెలల ముందే వాడు మేడ మీదికి రావడం మానేశాడు. కారు తలుపు తీస్తే దూకకుండా, ఎక్కించమన్నట్టు మా మొహాలు చూసేవాడు. ‘పెద్దాడయ్యాడు, బద్ధకం పెరిగింది’ అని నవ్వుకున్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో మాత్రల డబ్బా తీశాను. అత్తయ్య నొప్పి మాత్రలు అందులోనే ఉన్నాయి. అర మాత్ర వేస్తే పోలా అనుకున్నాను. ఎందుకో అనుమానం వచ్చి ఇంటర్‌లో నాతోపాటు బైపీసీ చదివిన స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఎంసెట్ తర్వాత నేను ఎంబీబీఎస్‌లో చేరితే తను పశువైద్యానికి వెళ్లింది. సంగతి విని ఒక్క క్షణం మాట్లాడలేదు. ‘‘ముందు ఆ మాత్ర డబ్బాలో పెట్టు. నువ్వు మనుషుల డాక్టరువి, అక్కడే ఆగు. వాడు లేవడం, నడవడం, మెట్లెక్కడం వీడియో తీసి పంపు’’ అంది.

ఈ వ్యాసంలో కుక్కల గురించి ఉన్నదంతా చాలావరకు ఆమె దగ్గర నేర్చుకున్నదే. మాత్రల గురించి మాత్రం నాకూ కొంత తెలుసు. ఆ విషయం తర్వాత చెబుతాను.

కుయ్యో మొర్రో అనదు

కుక్కకు కాలు తొక్కితే కెవ్వుమంటుంది. కానీ నెలల తరబడి మెల్లగా పెరిగే కీళ్ల నొప్పికి అరవదు. అది చేసే పని ఒకటే, సర్దుకోవడం. నొప్పి ఉన్న కాలి మీద భారం తగ్గించి మిగతా మూడింటికి పంచుతుంది. గెంతే చోట నడుస్తుంది, నడిచే చోట పడుకుంటుంది. అందుకే ‘అరవడం లేదుగా, తింటోందిగా, తోక ఊపుతోందిగా’ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. కీళ్లు బాగా అరిగిన లాబ్రడార్ కూడా బిస్కెట్ చూపిస్తే తోక ఊపుతుంది.

మరో చిక్కు ఏమిటంటే, ఆసుపత్రికి తీసుకెళ్లగానే చాలా కుక్కల్లో కుంటు మాయమైపోతుంది. కొత్త వాసనలు, భయం, ఉత్సాహం నొప్పిని కాసేపు కప్పేస్తాయి. పరీక్ష బల్ల మీద కనిపించనిది ఇంట్లో పొద్దున్నే లేచినప్పుడు కనిపిస్తుంది. పశువైద్యులు ఇంటివాళ్ల మాటకు అంత విలువ ఇచ్చేది అందుకే. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో కుక్కల దీర్ఘకాలిక నొప్పిని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులోని 11 ప్రశ్నలకూ జవాబు చెప్పేది డాక్టరు కాదు, యజమానే. ఆడుకోవడం ఎలా ఉంది, లేవడం ఎలా ఉంది, గెంతడం ఎలా ఉంది లాంటివే ఆ ప్రశ్నలన్నీ.

నిలబడినప్పుడు, కూర్చున్నప్పుడు

కుక్క నడక చూసే ముందు ఒక సంగతి తెలియాలి. దాని వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది. అంటే కుక్క ఎప్పుడూ మునివేళ్ల మీదే నడుస్తుందన్నమాట. ఇంకోటి, మామూలుగా దాని బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద, 40 శాతం వెనక కాళ్ల మీద పడుతుంది. వెనక కాళ్లలో నొప్పి ఉంటే ఈ లెక్క ఇంకా ముందుకు జరుగుతుంది.

అది తిండి గిన్నె దగ్గర నిలబడినప్పుడు పక్క నుంచి చూడండి. ముందు కాళ్లు వెనక్కి, వెనక కాళ్లు ముందుకు జరిపి, నాలుగూ పొట్ట కిందికి చేర్చి నిలబడుతోందా? నడుము విల్లులా పైకి లేచిందా? ఒక పాదాన్ని నేలకు ఊరికే ఆనించి ఉంచుతోందా? తర్వాత వెనక్కి వెళ్లి, అది నిలబడి ఉండగానే రెండు చేతులతో రెండు తొడలనూ ఒకేసారి పట్టుకుని చూడండి. వాడని కాలు సన్నబడుతుంది. బొచ్చు వల్ల కంటికి తెలియకపోవచ్చు, చేతికి తెలుస్తుంది. బ్రూనో ఎడమ తొడ కుడిదానికంటే స్పష్టంగా చిన్నదైపోయింది. అప్పటికే భుజాలు పహిల్వాన్‌లా ఉబ్బాయి. అది బలం అనుకుని మేం మురిసిపోయాం. వెనక కాళ్ల పని కూడా ముందు కాళ్లే చేస్తుండటం వల్ల వచ్చిన కండలవి.

ఇక కూర్చోవడం. ఆరోగ్యంగా ఉన్న కుక్క రెండు మోకాళ్లూ సమంగా మడిచి నిటారుగా కూర్చుంటుంది. మోకాలు నొప్పి ఉన్నది ఆ కాలిని పక్కకు చాచేస్తుంది. చిన్న పిల్లలు ఎలా పడితే అలా కూర్చోవడం మామూలే, పెద్ద కుక్క ఎప్పుడూ ఒకే కాలిని పక్కకు పెడుతుంటే ఆలోచించాలి. క్రికెటర్లకు, కబడ్డీ ఆటగాళ్లకు తెగే క్రూసియేట్ లిగమెంట్ కుక్కలకూ తెగుతుంది. ఆటగాళ్లకు ఒక్క మలుపులో పుటుక్కుమంటుంది. కుక్కల్లో ఎక్కువగా అది నెలల తరబడి పీచు పీచుగా నలిగి తెగుతుంది. ఒక మోకాలికి ఇలా జరిగినవాటిలో చాలావాటికి తర్వాత రెండోదీ పోతుంది.

తుంటి కీలు నొప్పి ఉన్నవి మెల్లగా మడుచుకుని కూర్చోలేవు. సగం వరకు దిగి ‘ధబ్’మని కూలబడతాయి.

ఒకటీ రెండుకు తీసుకెళ్లినప్పుడు కూడా చూడండి. మగ కుక్క ఎప్పుడూ ఒక వైపు కాలే ఎత్తుతుంటే, లేదా ఎత్తడమే మానేస్తే దానికో కారణం ఉంటుంది. మల విసర్జనకు వంగి ఒక్క చోట ఉండలేక, నడుస్తూ నడుస్తూ వేస్తుంటే నడుమో తుంటో సహకరించడం లేదన్నమాట. స్నానం తర్వాత కుక్క ముక్కు నుంచి తోక దాకా ఒళ్లంతా విదిలించుకుంటుంది కదా. నొప్పి ఉన్నది తల, భుజాలు విదిలించి అక్కడితో ఆపేస్తుంది. మణికట్టునో మోకాలినో అదేపనిగా నాకుతుంటే చర్మవ్యాధి అనుకుని పౌడర్ చల్లుతాం. కింద ఉన్న కీలు నొప్పి పుడుతుండొచ్చు.

పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఎప్పుడూ సాధువులా ఉండే కుక్క, చంటివాడు వాటేసుకోగానే గుర్రుమంటే ‘పొగరు పట్టింది’ అని కొట్టకండి. వాడి చేయి ఎక్కడ పడిందో చూడండి. నొప్పి ఉన్న చోట తాకితే కరిచే ప్రమాదం కూడా ఉంది. నొప్పి సంగతి తేలేదాకా పిల్లల్ని దాని మీద పడనివ్వకండి.

నడక: చూడటమే కాదు, వినాలి కూడా

ఫోన్‌ను మీ కంటి ఎత్తులో కాదు, కుక్క ఎత్తులో పెట్టి వీడియో తీయండి. అది మీ వైపు వస్తున్నప్పుడు, దూరంగా వెళ్తున్నప్పుడు, పక్క నుంచి, ఇలా మూడు. ఒకసారి మామూలు నడక, ఒకసారి కాస్త వేగంగా. పరుగెత్తించొద్దు, పరుగులో తేడాలు దాగిపోతాయి. స్లో మోషన్‌లో చూస్తే మరీ మంచిది.

ముందు కాలికి నొప్పి ఉంటే తల చెబుతుంది. నొప్పి కాలు నేలను తాకగానే తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనగానే కిందికి దిగుతుంది. చెప్పులో రాయి ఉన్నప్పుడు మనం ఆ అడుగు మీద భారం వేయకుండా ఒళ్లు పైకి లాక్కోమూ, అలాగే. తల ఏ కాలి మీద దిగుతోందో ఆ కాలే నొప్పి కాలు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. మొదటి వీడియోలో నేనూ అదే చేశాను. వెనక కాలి నొప్పి అయితే తలను కాదు, వెనక నుంచి రెండు తుంట్లనూ చూడాలి. నొప్పి ఉన్న వైపు తుంటి ఎక్కువగా ఎగిరి పడుతుంది.

మెట్లు ఎక్కేటప్పుడు, వేగంగా వెళ్లేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతుతుంటే తుంటి కీళ్లను అనుమానించాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో హిప్ డిస్‌ప్లేసియా ఎక్కువ. అంటే తుంటి గిన్నెలో తొడ ఎముక తల సరిగ్గా ఇమడదు. ఏడాది లోపు పిల్లల్లోనే ఈ కుందేలు గంతులు కనిపిస్తాయి. ముద్దొస్తోందని రీల్స్ తీస్తుంటారు.

పామరేనియన్లలో తీరు వేరు. చక్కగా నడుస్తూ ఉన్నట్టుండి వెనక కాలు ఒకటి పైకెత్తి, మూడు కాళ్లతో నాలుగడుగులు గెంతి, మళ్లీ ఏమీ జరగనట్టు నడుస్తుంది. మోకాలిచిప్ప పక్కకు జారి మళ్లీ గాడిలో పడటం వల్ల అలా జరుగుతుంది. ఇలా తరచూ అవుతుంటే ‘అలవాటులే’ అని వదిలేయకూడదు.

ఇక చెవి పని. మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ కదా. కుక్క నడుస్తుంటే గోళ్ల చప్పుడు ఒక తాళంలో వినిపిస్తుంది. ఆ తాళం తప్పుతోందా, టకటకల మధ్య ‘స్‌ర్‌ర్’ అని గీసుకుంటున్న శబ్దం వస్తోందా వినండి. తర్వాత పాదం చూడండి. వెనక కాలి మధ్య రెండు గోళ్లు పైవైపు అరిగిపోయి ఉంటే అది పాదాన్ని ఈడుస్తోందని అర్థం. ఈడవడం, పాదం మడతపడి పైభాగం నేలకు తగలడం, వెనక కాళ్లు తాగినవాడిలా అడ్డంగా పడటం, ఇవి కీళ్ల కన్నా వెన్నుపాము, నరాల సమస్యను సూచిస్తాయి. మా ఓపీలో అయినా అంతే. నొప్పితో కుంటేవాళ్లు ఒక రకం, కాలు ఎక్కడ పడుతోందో తెలియనివాళ్లు మరో రకం. రెండోవాళ్లను నేను వరుసలో ముందుకు పిలుస్తాను.

రేపటి దాకా ఆగకూడనివి

డాక్స్‌హండ్ లాంటి పొడుగు నడుము కుక్కల్లో వెన్ను డిస్కు జారడం ఎక్కువ. నిన్న దివాన్ మీది నుంచి దూకిన కుక్క ఈరోజు వెనక కాళ్లు కదపలేకపోతే, మూత్రం తెలియకుండా పోతుంటే అది గంటల లెక్కలో చూడాల్సిన అత్యవసరం. నడవలేని దాన్ని మెడ, నడుము వంగకుండా గట్టి పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

ఒక కాలిని అసలు ఆనించకపోయినా వెంటనే చూపించాలి. పెద్ద జాతి, పెద్ద వయసు కుక్కకు కాలి ఎముక మీద గట్టి వాపు వచ్చి కుంటు తగ్గకపోతే ఎముక క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి.

మన ప్రాంతంలో మరచిపోకూడనిది పిడుదుల జ్వరం. చెవుల వెనక, వేళ్ల సందుల్లో ఉండే పిడుదులు ఎర్లికియా అనే బ్యాక్టీరియాను ఎక్కిస్తాయి. ఈరోజు ఒక కాలు, రెండు రోజులకు ఇంకో కాలు కుంటుతుంది. తిండి మానేస్తుంది, ఒళ్లు కాలుతుంది, చిగుళ్లు పాలిపోతాయి, కొన్నిసార్లు ముక్కు నుంచి రక్తం వస్తుంది. డెంగీలో మనకు పడిపోయినట్టే వీటికీ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తపరీక్షతో బయటపడుతుంది, మందులున్నాయి. ఇలాంటి కుక్కకు నొప్పి మాత్ర వేస్తే రక్తస్రావం ఇంకా పెరగొచ్చు.

కుంటేది చిన్న పిల్లయితే తిండి గురించి ఆలోచించండి. పెరిగే వయసులో ఉత్త పెరుగన్నమో, ఎముక లేని ఉత్త మాంసమో పెడితే ఎముకలకు కావలసిన కాల్షియం అందదు. కాళ్లు వంకర పోతాయి, పాదాలు పరుచుకున్నట్టు అవుతాయి. భయపడి పెద్ద జాతి పిల్లలకు సొంతంగా కాల్షియం టానిక్కులు దండిగా పోస్తే అదీ ఎముకలను పాడుచేస్తుంది.

మన మాత్రలు దానికి వద్దు

ఓపీలో నా దగ్గర మందులు రాయించుకుని, లేస్తూ లేస్తూ ‘‘మేడమ్, మా కుక్కకీ కాళ్ల నొప్పులే, ఇదే వేయొచ్చా?’’ అని అడిగేవాళ్లున్నారు. వేయకూడదు. నేనే వేయబోయాను కాబట్టి కారణం వివరంగా చెబుతాను.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్ నొప్పిని కలిగించే రసాయనాలను అడ్డుకుంటాయి. కానీ పొట్ట లోపలి పొరను కాపాడేవి, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేవి కూడా అదే కుటుంబానికి చెందిన రసాయనాలు. కుక్క శరీరం ఈ మందులను మనలా బయటికి పంపలేదు. నాప్రోక్సెన్ మన రక్తంలో సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడితే, కుక్కలో దాదాపు 74 గంటలు పడుతుంది. రోజుకో మాత్ర వేస్తే మూడో రోజుకు ఎంత పేరుకుంటుందో మీరే ఊహించండి. వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం, మూత్రం తగ్గడం దీని గుర్తులు.

కొన్ని మందుల పేరు ఇద్దరికీ ఒకటే. మెలాక్సికామ్‌ను పశువైద్యులు కుక్కలకు రాస్తారు. మన మాత్రలో అది 7.5 లేదా 15 మిల్లీగ్రాములు ఉంటుంది. 10 కిలోల కుక్కకు వాళ్లు లెక్కకట్టే రోజువారీ మోతాదు దాదాపు 1 మిల్లీగ్రాము మాత్రమే. పారాసెటమాల్ కుక్కలో మోతాదు మించితే కాలేయాన్ని, ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉంటే మరీ జాగ్రత్త, దాని ప్రాణం తీయడానికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు. మోకాలికి రాసే జెల్, స్ప్రే కూడా కుక్కకు వాడొద్దు, నాకి మింగేస్తుంది. పశువుల కళేబరాల్లో మిగిలిన డైక్లోఫెనాక్ తిని మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. ఎసిక్లోఫెనాక్‌ను, కీటోప్రొఫెన్‌ను 2023లో నిషేధించారు. మనిషికి మేలు చేసేది మిగతా ప్రాణులకూ మేలు చేస్తుందనుకోవడానికి లేదు.

కుక్కల కోసమే పరీక్షించిన నొప్పి మందులున్నాయి. కిడ్నీ, కాలేయం పరీక్షలు చూసి పశువైద్యులు ఇస్తారు. ఎక్స్‌రే, శస్త్రచికిత్స అవసరమైతే పశువైద్య కళాశాలలున్న రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి లాంటి చోట్ల బోధనాసుపత్రులు ఉన్నాయి.

మా ఇంట్లో ఏం మారింది

బ్రూనోకు ఎక్స్‌రేలో రెండు తుంట్లూ అరిగినట్టు, ఎడమది ఎక్కువ దెబ్బతిన్నట్టు తేలింది. బరువు 39 కిలోలు. నా స్నేహితురాలు 32కు తేవాలంది. మందుల చీటీ కన్నా ముందు, వాడికి ఎవరెవరు ఏం పెడుతున్నారో రాయమంది. రాశాం. మామయ్య టీతో పాటు పెట్టే బిస్కెట్లు పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. మా అబ్బాయి ఇచ్చే చపాతీ అంచులు. పనమ్మాయి గిన్నె అడుగున మిగిల్చే నెయ్యన్నం. రాత్రి నేను పెట్టే పెరుగన్నం. ఇవన్నీ వాడి రెండు పూటల తిండికి అదనం.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకూడదని చెప్పే ఒక అధ్యయనం ఉంది. ప్యూరినా సంస్థ 48 లాబ్రడార్లను జంటలుగా తీసుకుని, ప్రతి జంటలో ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించింది. ఫలితాలు 2002లో వచ్చాయి. తక్కువ తిన్నవి సగటున 13 ఏళ్లు బతికితే, మిగతావి 11.2 ఏళ్లు బతికాయి. కీళ్ల అరుగుదలకు చికిత్స అవసరమైన వయసు దాదాపు 3 ఏళ్లు వెనక్కి జరిగింది. కుక్కల తిండి అమ్మే కంపెనీయే ‘తక్కువ పెట్టండి’ అని తేల్చడం నాకు భలే నచ్చింది. పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే, నొక్కకుండానే అవి చేతికి తగలాలి. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. ఇంట్లో తూకం లేకపోయినా ఈ రెండూ చూసుకోవచ్చు.

నేల మీద వాడు తిరిగే దారి పొడవునా పాత యోగా మ్యాట్లు, కొబ్బరి పీచు పట్టాలు పరిచాం. జారుతామన్న భయంతోనే సగం నడవరు, మా వార్డులో ముసలివాళ్లదీ ఇదే కథ. గోళ్లు, పాదం కింద పెరిగిన వెంట్రుకలు కత్తిరించాం. ఆదివారం గంటన్నర పరుగు మాని, రోజూ మూడుసార్లు పావుగంట నడిపిస్తున్నాం. కారెక్కడానికి ఒక చెక్క చేయించాం. మామయ్య బిస్కెట్ల బదులు ఉడికించిన బీన్స్ ముక్కలు పెడుతున్నారు. మొదటి వారం ఇద్దరూ అలిగారు.

ఎనిమిది నెలలకు 33 కిలోలకు దిగాడు. నొప్పి మందు మోతాదు తగ్గింది, పూర్తిగా ఆగలేదు. మేడ మీదికి ఇప్పటికీ రాడు, మేమూ రమ్మనం. గుమ్మం దగ్గర నా స్కూటర్ చప్పుడు విని వచ్చే వేగం మాత్రం పెరిగింది.

మార్పు తెలియాలంటే రోజూ ఏదో ఒకటి కొలిచి రాయమని నా స్నేహితురాలు చెప్పింది. ఆ పని అత్తయ్య తీసుకున్నారు. వంటింట్లో, గ్యాస్ సిలిండర్ తేదీలు రాసే క్యాలెండర్‌లో, పొద్దున్నే వాడు ఎన్ని ప్రయత్నాల్లో లేచాడో అంకె వేస్తారు. మొదటి నెల గడుల్లో మూడులు, నాలుగులు ఉండేవి. ఇప్పుడు ఎక్కువగా ఒకట్లు, చలి రోజుల్లో రెండ్లు. పోయిన నెల నుంచి ప్రతి గడిలో పక్కన ఇంకో అంకె కూడా కనిపిస్తోంది. ఏమిటని అడిగితే, ‘‘అది నాది’’ అన్నారు. ఈ సోమవారం ఆవిడను మా ఆసుపత్రిలో ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను.